పందెపుకోడి వంశకథ

కృష్ణా తుంగభద్రానదుల నడుమనున్న నేలను ప్రజలు నడిగడ్డ యని పిలుతురు. ఆ నడిగడ్డలో, గద్వాలకు సమీపమున, మల్దకల్ అను గ్రామము కలదు. తిమ్మప్ప వెలసిన స్థలమది. మార్గశిర పౌర్ణమి వచ్చినదనగా చుట్టుపట్టుల పల్లెలన్నియు ఆ దారి పట్టును. 1956 వరకు గద్వాల, ఆలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలో నుండెడివి. పిమ్మట మహబూబునగరు జిల్లాలో చేరినవి. 2016లో ఆ ప్రాంతము జోగులాంబ గద్వాల జిల్లాయైనది. జిల్లాల పేర్లు మారినను అక్కడ తెల్లవారు తీరు మారలేదు. ఊరిని లేపునది నేటికిని కోడియే.

కొన్నేండ్ల క్రిందట జాతర పాటలను రికార్డు చేయుటకై మేము ఆ ఊరికి పోయితిమి. ఒక ఇంటి అరుగుమీద పాడువారిని కూర్చుండబెట్టి యంత్రము నడిపితిమి. మరల వినిచూడగా పాటకు ముందొక కూత, పాట నడుమనొక కూత, పాట ముగిసిన వెనుక మరియొక కూత వినవచ్చినది. మూడు పర్యాయములు పాడించితిమి. మూడు పర్యాయములును కోడి తప్పలేదు. ఆ కోడిని కొంతసేపు దూరముగా నుంచుమని వేడుకొనుటకు దాని ఇల్లు వెదకుకొనుచు పోయితిమి.

పుంజు వేపచెట్టు క్రింద కాలికి త్రాడుతో నుండెను. పొడవైన మెడ, వెడల్పైన రొమ్ము, నేలకు వాలిన పొట్టి తోక, తలకు అంటుకొనిపోయిన చిన్న జుట్టు. నిలుచుట చూచిన కాపలా బంటు నిలుచున్నట్లే యుండెను. మేము మెచ్చుకొనుచుండగా ఆ ఇంటి పెద్దమ్మ నవ్వి, “పుంజుని జూస్తే ఏముంది సారూ, పెట్టను జూడుండ్రి. రకతమంత పెట్ట దగ్గర్నే ఉంటది. పుంజు సంతల దొర్కుతది. పెట్టను ఎవ్వరియ్యరు” అని, గంపయెత్తి గ్రుడ్లమీదనున్న పెట్టను చూపెను. అది మావైపు చూచిన చూపుకు మేము రెండడుగులు వెనుకకు వేసితిమి.

పాటను రికార్డు చేసికొని వచ్చితిమి గాని ఆ పెద్దమ్మ మాట మమ్ము విడువలేదు. కోడిపందెమును గూర్చి మన దేశమున చెప్పుకొనని కథ లేదు. పుంజు పేరు, పుంజు రంగు, పుంజు గెలుపు, దానిమీద పెట్టిన ధనము, ఇవన్నియు చరిత్రకెక్కినవి. ఆ పుంజును కన్న జాతి ఎక్కడిది, దానిని ఇన్ని తరములు నిలిపినవారెవరు, అను ప్రశ్నలను అడిగినవారు తక్కువ. ఈ ప్రసంగమున మేము ఆ వంశకథను చెప్పబూనితిమి.

మొదట అడవిని చూడవలెను. మన దేశమున అడవికోళ్ళు ముఖ్యముగా రెండు తెగలు. గోదావరికి ఉత్తరమున, తూర్పుకనుమలలో తిరుగునది ఎర్ర అడవికోడి. గోదావరికి దక్షిణముగా నల్లమల మొదలుకొని పడమటికనుమలవరకు తిరుగునది బూడిదరంగు అడవికోడి. మల్దకల్ నుండి తూర్పుగా పోయి కృష్ణలోయ దిగినచో నల్లమల కనబడును. అక్కడ వేకువజామున వినవచ్చు కూత మన ఇంటికోడి కూతవలె సాగక తునకలు తునకలుగా నుండును.

ఇంటికోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడియే యని పండితులు చిరకాలముగా అంగీకరించిరి. అది మచ్చికయైన చోటు సింధునదీ ప్రాంతమని పూర్వము తలంచెడివారు. ఈ శతాబ్దిలో జరిగిన పరిశోధనలు ఆ తలంపును మార్చినవి. 2020లో వందలకొలది కోళ్ళ జన్యువులను పోల్చిచూచిన శాస్త్రజ్ఞులు చైనా నైరుతిభాగము, ఉత్తర థాయిలాండు, మయన్మారు ప్రాంతములందలి ఎర్ర అడవికోడి ఉపజాతి నుండి ఇంటికోడి పుట్టినదని నిర్ణయించిరి. 2022లో పురాతత్త్వజ్ఞులు ప్రకటించిన మరియొక పరిశీలనలో థాయిలాండునందలి బాన్ నాన్ వాట్ అను చోట దొరకిన ఎముకలే నిశ్చయముగా ఇంటికోడివని చెప్పదగిన వానిలో మిక్కిలి పాతవని తేలినది. వాని కాలము క్రీస్తుకు పూర్వము 1650కిని 1250కిని నడుమ. వరి, కొఱ్ఱ పండిన కళ్ళమునకు గింజలకై అడవిపక్షి వచ్చెను, వచ్చినది పోలేదు. మనిషి వలపన్ని పట్టితెచ్చుట కంటె గింజయే దానిని మచ్చిక చేసినదని వారి భావము.

అయినచో మన నల్లమల కోడికి ఈ కథలో చోటు లేదా? కలదు. ఇంటికోళ్ళలో పెక్కింటికి కాళ్ళును చర్మమును పసుపుపచ్చగా నుండును. ఎర్ర అడవికోడికి ఆ పసుపు లేదు. ఆ లక్షణము బూడిదరంగు అడవికోడి నుండి సంక్రమించినదని 2008లో స్వీడను శాస్త్రజ్ఞులు మొదలగువారు కనుగొనిరి. అనగా తూర్పుదేశముల నుండి వచ్చిన ఇంటికోడి ఎన్నడో భారతభూమిలో ఇక్కడి అడవికోడితో కలిసినది. నేడు లోకమున ఏ మూలనున్న పచ్చకాళ్ళ కోడిలోనైనను దక్షిణాపథపు అడవి జాడ కొంత కలదు. మల్దకల్ పెద్దమ్మ చెప్పిన “రకతము” అను మాటకు శాస్త్రము వ్రాసిన భాష్యమిది.

ఇక పుస్తకములను చూతము. వాత్స్యాయనుడు కామసూత్రములలో చెప్పిన అరువదినాలుగు కళలలో పొట్టేళ్ళ, కోళ్ళ, లావుకపిట్టల పోరాట విధానము ఒకటి. అనగా అది నాగరకుడు నేర్వదగిన విద్యగా నుండెడిది. దండి మహాకవి దశకుమార చరితమున ప్రమతి అను కుమారుడు శ్రావస్తికి పోవుచు దారిలో ఒక వర్తకుల ఊర కోడిపోరును చూచి నవ్వును. ఏల నవ్వితివని ప్రక్కనున్న వృద్ధ బ్రాహ్మణుడు అడుగగా, తూర్పువాడవారి కోడి నారికేళ జాతిది, పడమటివాడవారి కోడి బలాకా జాతిది, బలమునను ప్రమాణమునను మించినదానిమీదికి దీనిని విడుచుట తెలియనితనము గదా యని బదులు చెప్పును. అట్లే పడమటివారి కోడి ఓడును. ఆ వృద్ధుడు సంతసించి ప్రమతిని తన యింటికి గొనిపోవును. తరువాత ప్రమతికి రాజపుత్రిక లభించుటకు ఆ వృద్ధుడే తోడ్పడును.

ఈ కథలో మాకు ముఖ్యమైనది రాజపుత్రిక కాదు, ఆ రెండు జాతుల పేర్లు. దండి సుమారు 7వ శతాబ్ది చివరివాడు. కంచిని ఏలిన పల్లవుల కాలపువాడు. ఆలంపురమున బాదామి చాళుక్యులు నవబ్రహ్మాలయములను కట్టించుచున్న కాలమే అది. ఆనాటికే పందెపుకోళ్ళను జాతులుగా విడదీసి, పేర్లుపెట్టి, చూడగానే ఇది ఫలానిదని గుర్తింపగల నేర్పు జనులలో నుండెను. జాతికి పేరున్నదనగా, ఆ జాతిని కలుషితము కానీయక పెంచినవారును ఉన్నారన్నమాట. పుంజును పెట్టను ఎన్ని తరములు ఏర్చికూర్చిన గాని జాతి నిలువదు. దండి కావ్యమును 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసి, తిక్కన సోమయాజికి అంకితమిచ్చి, అభినవదండి యని పేరు పొందెను.

కల్యాణి చాళుక్యుల కాలమున ఈ విద్య రాజాస్థానమున చేరినది. నడిగడ్డయు ఆ రాజ్యములోనిదే. మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. రాజులకు తగిన వినోదములను చెప్పుచు, ఏనుగుల పోరు, మల్లుల పోరు మొదలగువానితో పాటు కోడిపోరునకును అందు చోటిచ్చెను. రాజు స్వయముగా గ్రంథమున కెక్కించిన వినోదమును పల్లెరైతు ఆడుటలో వింత లేదు. పల్లెరైతు ఆడినదే రాజు గ్రంథమున కెక్కినదనుట మరింత నిజము కావచ్చును.

తెలుగువారికి కోడిపోరు అనగానే పలనాడు స్ఫురించును. మల్దకల్ మీదుగా పోవు మేఘము కృష్ణ వెంట తూర్పుగా సాగినచో పలనాటిమీద కురియును. 12వ శతాబ్ది చివర గురజాలకును మాచర్లకును నడుమ జరిగిన యుద్ధమునకు కోడిపందెమే కారణమని జనకథ. బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు. నాయకురాలు నాగమ్మ కోడి సివంగిడేగ. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పణము. చిట్టిమల్లు ఓడినది, మాచర్లవారు మండాదికి పోయిరి, గడువు తీరిన పిమ్మట రాజ్యము తిరిగి రాలేదు, కారెంపూడి కదనమున వీరులు కూలిరి. శ్రీనాథుడు ఈ కథను ద్విపదగా చెప్పెను. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరారాధన ఉత్సవములలో ఒకనాటికి కోడిపోరనియే పేరు.

రెండు కోళ్ళ పోరునకై ఒక నాడు నాశమగునా యని నేటి పాఠకుడు అడుగవచ్చును. మతము, కులము, రాజ్యభాగము అను కారణములు వెనుక నుండెనని చరిత్రకారులు చెప్పుదురు. కోడి ఆ కక్షలకు పైకి కనబడు రూపము. అమెరికా దేశీయుడగు క్లిఫర్డ్ గీర్జ్ అను పండితుడు బాలిద్వీపపు కోడిపందెములను చూచి 1972లో వ్రాసిన వ్యాసమున ఇదే మాట చెప్పెను: బరిలో పోరునవి కోళ్ళవలె కనబడును గాని, నిజమునకు పోరునది వాని యజమానుల పరువు. బాలి పండితునికి తోచిన ఈ సంగతి పలనాటి కథకులకు ఎనిమిది వందల ఏండ్లకు ముందే తెలియును.

వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామములో కోడిపోరు ఇంత భయంకరము కాదు. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒకనాటి పగలెల్ల ఓరుగల్లు వీధులలో తిరుగుచు చూచిన వింతలలో అదియొకటి. ఆ పుస్తకముననే పలనాటి వీరుల కథను పాడు స్త్రీయును కనబడును. ఒకే నగరమున, ఒకే దినమున, ఒకచోట కోడిపోరు వినోదము. మరియొకచోట కోడిపోరు తెచ్చిన చేటు పాట. రెండింటిని జనులు వేడుకగానే చూచిరి.

ఇంతవరకు చెప్పినది పుంజుల కథ. ఇక జాతి కథ.

నేడు మన దేశమున పందెపుకోడి జాతికి అసిల్ అని పేరు. ఇది అరబీమాట, మేలిజాతిది, మూలము చెడనిది అని అర్థము. మనము దినమునకు నూరుసార్లు పలుకు “అసలు” అను మాటయు ఆ ధాతువు నుండి వచ్చినదే. తురకల ఏలుబడిలో పేరు వచ్చినదే కాని, దండిని చదివినవారికి ఇట్టి జాతులు అంతకు మునుపే యున్నవని తెలియును. ఆంధ్రప్రదేశము, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతములు దీనికి ఆటపట్టులు. కర్నాలునందలి జాతీయ పశుజన్యువనరుల సంస్థ దీనిని దేశీయ కోడిజాతులలో ఒకటిగా నమోదు చేసినది. తెలుగునాటి జాతులుగా మరికొన్ని ఆ పట్టికలో కలవు; వానిలో విజయనగరము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు డంకి యొకటి, కాళహస్తి సీమకు చెందిన కాళహస్తి కోడి యొకటి.

అసిల్ పుంజు మూడు నాలుగు కిలోలు తూగును. పెట్ట రెండు మూడు కిలోలు. ఎముక గట్టిది, కండ బిగువైనది, ఈక దేహమునకు అంటియుండును. జుట్టు బఠాణీగింజల వరుసవలె చిన్నదై తలకు అంటుకొనియుండును. గదుమక్రింది తోలును కొంచెమే. ఈ చిన్నజుట్టు ఒక్క జన్యువులో కలిగిన మార్పు ఫలమని 2009లో తేలినది. పోరులో ఎదుటికోడి ముక్కుతో పట్టుకొనునది జుట్టునే. పట్టు దొరకని తలగలది నిలిచినది. నిలిచినదాని పిల్లలనే యజమాని పెంచెను. కొన్ని వందల తరములు ఇట్లు జరుగగా జాతికి ఈ రూపము వచ్చినది. విగ్రహమును ఉలి చెక్కినట్లు ఈ జాతిని పోరు చెక్కినది.

కాని ఆ చెక్కుడు పుంజులోనే జరుగలేదు. అసిల్ పెట్ట ఏటికి మూడు నాలుగు పదుల గ్రుడ్లే పెట్టును. పెట్టిన గ్రుడ్లను వదలదు. ఇరువదియొక్క దినములు పొదిగి, పిల్లలను రెక్కలక్రింద నుంచుకొని, గద్దవచ్చిన గద్దమీదికి, పిల్లివచ్చిన పిల్లిమీదికి దుముకును. పుంజులో మెచ్చుకొను ధైర్యము ఆ పెట్టలోనిదే. కావుననే కోళ్ళు పెంచువారు పుంజును అమ్ముదురు, బహూకరింతురు. మంచి పెట్టను మాత్రము గడప దాటనీయరు. మల్దకల్ పెద్దమ్మ చెప్పిన నీతి ఇదియే. పోరును చూచినవారు మగవారు. పందెము కట్టినవారు మగవారు. నూకలు చల్లి, గంపమూసి, పిల్లలను లెక్కపెట్టి, ఏ పెట్టను ఉంచవలెనో ఏ పెట్టను కూరకు పంపవలెనో నిర్ణయించినది ఆ ఇంటి ఆడుదే. జాతిచరిత్రలో సగము ఆమె చేతిలో జరిగినది. అది ఏ గ్రంథమునకును ఎక్కలేదు.

మన పందెగాండ్రు కోళ్ళను రంగునుబట్టి పిలుతురు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. వీపునను రెక్కలనుపసుపుఛాయ కలది నెమలి. మెడమీద నలుపు తెలుపు సమముగా నుండునది పర్ల. నలుపు, ఎరుపు, పసుపు కలిసినది కౌజు. ఎరుపు బూడిదరంగులు కలిసినది మైల. తెల్లని రెక్కలమీద అక్కడక్కడ నలుపో గోధుమవన్నెయో కలది పింగళ. పలనాటి సివంగిడేగ పేరులోని డేగ నేటి బరులలోను వినబడుట గమనింపదగినది. కుక్కుటశాస్త్రమను పేర ప్రచారములోనున్న పుస్తకములు ఏ వారమున, ఏ నక్షత్రమున, ఏ జామున ఏ రంగుకోడి దేనిమీద గెలుచునో, ఏ దిక్కునుండి విడువవలెనో పట్టికలు వేసి చెప్పును.

ఈ పేర్లు అందమైనవి. తెలుగుమాటల భాండాగారమున దాచదగినవి. అయినను ఇవి జాతులు కావు. ఒక పెట్ట పొదిగిన పిల్లలలోనే ఒకటి డేగ కావచ్చును, మరియొకటి కాకి కావచ్చును. ఈకరంగును తేల్చు జన్యువులు వేరు, కండను గుండెను తేల్చునవి వేరు. శనివారము కాకి గెలుచునను నమ్మకము ఓడినవానికి ఓదార్పు, గెలిచినవానికి గర్వకారణము. దండి కథలోని ప్రమతి వారము చూడలేదు, తార చూడలేదు. కోడిని చూచి చెప్పెను. ఆ చూపే అసలైన కుక్కుటశాస్త్రమని మా అభిప్రాయము.

ఈ జాతి దేశాంతరములు తిరిగినది. లక్నో నవాబు ఆసఫుద్దౌలా కొలువులో జరిగిన కోడిపోరును జోహన్ జోఫనీ అను చిత్రకారుడు 18వ శతాబ్ది చివర చిత్రించెను. అందు నవాబును ఆంగ్ల సేనానియగు మార్డాంటును కోళ్ళనడుమ కనబడుదురు. ఇంగ్లండులో 1835లో శాసనము చేసి కోడిపందెములను మాన్పించిరి. ఆ శతాబ్దిలోనే కార్న్‌వాల్ సీమవారు మన అసిల్‌ను తమ దేశపు పోరుకోడితో కలిపి ఒక క్రొత్తజాతిని పెంచిరి. ఇండియన్ గేమ్ అని, కార్నిష్ అని దానికి పేర్లు. అది పోరునకు పనికిరాలేదు. కాని దాని రొమ్ము వెడల్పు, కండనిండుదనము మాంసపుకోళ్ళ పెంపకమువారికి నచ్చినవి. అమెరికా దేశమున దాని సంతతిని ప్లిమత్ రాక్ అను జాతితో కలిపి నేటి బ్రాయిలరు కోడిని సిద్ధపరచిరి. ఆరు వారములలో రెండు కిలోలు దాటి, మన గద్వాల అంగళ్ళలో ఆదివారమునాడు తూకమునకు వచ్చు ఫారముకోడిలో, వేపచెట్టుక్రింది పుంజు పూర్వుల నెత్తురు కొంత కలదు. ఇంటిబిడ్డ పరదేశము పోయి పేరుమార్చుకొని తిరిగివచ్చినట్లున్నది.

ఇంతవరకు గొప్పలు చెప్పితిమి. ఇక చెప్పక తప్పని మాట.

కోడికి ప్రకృతి ఇచ్చిన ఆయుధము కాలిముల్లు. ఆ ముల్లుతో జరుగు పోరు గడియలకొలది సాగును. కత్తికట్టని ఈ పోరును కోస్తావారు డింకీపందెమందురు. అందు బలము, ఓర్పు, ధైర్యము తేలును, అదియును హింసయే. కత్తికట్టు పోరు వేరు. మునగతీసిన పదునుగల ఉక్కుకత్తిని కాలికి చుట్టి విడిచినచో నిమిషములలో ఒకటి కూలును. తరచు రెండును కూలును. తగులరాని చోట తగిలినదా లేదా యనుటయే అక్కడ జయాపజయము. అందు జాతి తేలదు. బలహీనమైన కోడి మేలిజాతి కోడిని చంపవచ్చును. జాతిని చెక్కిన ఉలి పోరే యని ముందు చెప్పితిమి. కత్తి ఆ ఉలిని విరిచినది. వందల ఏండ్లు ఏర్చికూర్చిన ధైర్యమును ఒక్క గీటుతో జూదపుకాసుగా మార్చినది. పోరును జాతిరక్షణ యని సమర్థించువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

శాసనము ఈ విషయమున స్పష్టముగానే యున్నది. 1960లో కేంద్రప్రభుత్వము చేసిన జంతుహింసా నివారణ చట్టము జంతువులను పోరునకు పురికొల్పుటను, అట్టి పోరునకు స్థలమిచ్చుటను నేరములుగా చెప్పుచున్నది. 1974 నాటి జూదనిషేధ చట్టమును ఉన్నది. 2016 డిసెంబరులో ఉభయరాష్ట్రముల ఉన్నతన్యాయస్థానము సంక్రాంతి పందెములను అరికట్టవలెనని ఉత్తరువిచ్చినది. అయినను పందెములు ఆగలేదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరున పందెమునకై కోడికి కత్తికట్టినవానికే ఆ కత్తి తగిలి, అధిక రక్తస్రావమున అతడు ప్రాణము విడిచెను. కోడిని గొల్లపల్లి పోలీసుఠాణాలో నుంచిరి. లోకమంతటి పత్రికలు ఆ కోడి బొమ్మను వేసి నవ్వుకొన్నవి. ఆ యింటివారికి అది నవ్వు కాదు. కోడికి అందు నేరమేమి?

కొందరు మమ్ము అడిగిరి: “పందెము పోయినచో ఆ జాతియు పోవును గదా. పందెము లేక అంత ఖర్చుపెట్టి పుంజును పెంచువాడెవడు?” ప్రశ్న తేలికది కాదు. జాతిని పుట్టించినది పోరేయైనచో పోరులేక జాతి నిలుచునా? మేము దీనిని చాలదినములు ఆలోచించితిమి. మా సమాధానమిది. తల్లి కన్నబిడ్డను ఏ పనికై కనినను, ఆ పని పోయినదని బిడ్డను వదలుకొనము. యుద్ధములకై పెంచిన గుఱ్ఱపుజాతులు యుద్ధములలో గుఱ్ఱములు పోయిన పిమ్మటను నిలిచియున్నవి. ఇంగ్లండులో పందెములు మాని రెండువందల ఏండ్లు కావచ్చుచున్నది. అక్కడి పోరుకోడి జాతులు ప్రదర్శనలలోను పెరళ్ళలోను నేటికిని బ్రదికియున్నవి. జాతిని నిలుపునది పోరు కాదు, దానిని కోరుకొను ఇల్లు.

కోరుకొనుటకు కారణములును కలవు. అసిల్ మాంసమునకు నాటుకోళ్ళలో మంచి గిరాకి. ఎండకు తాళును. ఇంటింట తిరిగి ఏరుకొని తినును. శత్రువునుండి పిల్లలను కాచుకొనును. ఇజ్జత్‌నగరు పరిశోధనాకేంద్రమువారు అసిల్ సంకరముచే నిర్భీక్ అను పెరటికోడిని సిద్ధపరచిరి. హైదరాబాదు రాజేంద్రనగరునందలి కోళ్ళ పరిశోధన సంచాలకాలయము పల్లెల పెరళ్ళకు తగిన వనరాజా, గ్రామప్రియ మొదలగు కోళ్ళను ఇచ్చినది. గ్రుడ్ల లెక్కలో ఇవి నాటుపెట్టను మించును. కాని గ్రుడ్లమీద కూర్చుండి పొదుగు గుణము ఎక్కువగా నాటుపెట్టదే. ఒకటి ఒకదానికి బదులు కాదు; రెండును పెరటిలో నుండదగినవే.

జాతికి నేడు పందెములు లేకపోవుటకంటె పెద్ద శత్రువులు రెండు. ఒకటి కొక్కెరతెగులు. ఇంగ్లీషు వైద్యులు దీనిని రాణిఖేత్ వ్యాధి యందురు. 1920ల చివర హిమాలయపాదమునందలి రాణిఖేత్‌లో గుర్తించుటచే ఆ పేరు వచ్చినది. వేసవిలో ఒక్క వారమున ఊరికోళ్ళన్నింటిని ఊడ్చిపెట్టును. దీనికి టీకా కలదు, వెల స్వల్పము. పది ఇండ్లవారు ఒకటై పశువైద్యశాలనుండి తెప్పించుకొనినచో చాలును. రెండవ శత్రువు కలగాపులగపు సంకరము. తొందరలో బరువు పెరుగునని ఏ పుంజునో ఏ పెట్టమీదనో విడుచుటచే రెండు తరములలో మూలము తెలియకుండపోవును. దానికి మందు చట్టములోను లేదు, టీకాలోను లేదు. మల్దకల్ పెద్దమ్మవలె పెట్టను గుర్తెరిగినవారి కన్నే దానికి మందు. ఆ కన్ను నేడు ముసలివారిలో మాత్రమే యున్నది. వారి పెరళ్ళకు పోయి, వారు చెప్పునది వ్రాసికొని, ఏ పెట్ట ఏ పుంజుతో ఏనాడు కలిసినదో లెక్క యుంచు పని చదువుకొన్న పిల్లలు చేయవచ్చును. పుంజు రంగులు వ్రాయుటకు పుస్తకములు చాలయున్నవి; పెట్టల వంశావళి వ్రాసిన పుస్తకము మాకు ఇంతవరకు కనబడలేదు.

మేము ఊరు విడుచునప్పుడు పెద్దమ్మ ఇంటికి మరల పోయితిమి. గంపక్రింద పిల్లలు అప్పుడే గ్రుడ్లు పగులగొట్టుకొని వచ్చినవి. ఈ పుంజును పందెమునకు ఇత్తురా యని అడిగితిమి. ఆమె త్రాడుకట్టిన పుంజువైపు, గంపవైపు ఒకమారు చూచి, “మా ఇంటాయన ఉన్నప్పుడు కొండవోయెటోడు. పోయినయి రాకపోతుండె. నేనిప్పుడు ఎవ్వరికియ్య. ఇది పెట్టల కాడ ఉండాలె” అనెను. శాసనమును ఆమె చదువలేదు. శాస్త్రమును వినలేదు. రెండును చెప్పవలసినది చెప్పినది.

ఆ జాతరపాటను ప్రసారము చేయుటకు ముందు అందలి కోడికూతలను తీసివేయవలెనని మాలో ఒకరు సూచించిరి. మేము తీసివేయలేదు. పాటతోపాటు అదియు ఆ ఊరి గొంతే.